సంకల్పంలో ఎయిర్‌పోర్టు

ఈ మాఘంలో ఒక ఉదయం, చేతిలో కాఫీ గ్లాసు ఖాళీ కాకముందే, ఇద్దరు మనుషులు ఒకరి తర్వాత ఒకరు కాశీబుగ్గలోని మా ఇంటికి వచ్చి, నా నోటితో దేవుడికి రెండు ఎదురెదురు అర్జీలు పెట్టించాలని చూశారు. మొదట వచ్చినవాడు మా చెల్లెలి భర్త లోకనాథం. ఈ ఊళ్ళోనే జీడిపిక్కలు కాల్చి పప్పు తీసే బట్టీ నడుపుతాడు. కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"బావా, ఈసారి ఏకాహం సంకల్పంలో ఒక్క ముక్క కలపాల. మనకాడ ఎయిర్‌పోర్టు బేగి రావాలని. అంతే. నువ్వు సెప్తే ఊరు కాదనదు."

"రాముడికి ఎయిర్‌పోర్టుతో ఏం పనయ్యా?" అన్నాను.

"అదేటి బావా, అంత సదువుకున్నోడివి. లంక నుంచి ఆయన ఇంటికొచ్చింది ఇమానంలో కాదేటి?"

నవ్వు రాలేదని చెప్పను. కానీ అతను వెళ్ళిన పది నిమిషాలకే మా తమ్ముడు సింహాచలం వచ్చాడు. మా సొంతూళ్ళో నాన్నగారి జీడితోటను చూసుకునేది వాడే. ఆ తోట ఇప్పుడు విమానాశ్రయం కోసం గీసిన గీత లోపల ఉంది. వాడు కుర్చీలో కూర్చున్నాకే మొదలుపెట్టాడు.

"బావ బండి సందులో సూసి, ఎల్పోయినంతవరకూ టీ బడ్డీ కాడ నిలబడ్డాను. ఆయనేటి అడిగినాడో నాకు తెలుసు. నానూ అడుగుతాను. ఎయిర్‌పోర్టు రాకూడదని సెప్పు అన్నయ్యా. నీ నోట్లోంచి రావాల."

వాడు వెళ్ళాక మా ఆవిడ వంటింట్లోంచి, "ఇంకెవరైనా వస్తారా, తలుపేసెయ్యనా?" అని అడిగింది. నిజంగానే వేసెయ్యమన్నాను. నాకంత విసుగొచ్చింది. దేవుడంటే కలెక్టరాఫీసులో కిటికీ అనుకుంటున్నారు. అక్కడ గుమాస్తాగా నన్ను కూర్చోబెట్టారు.

ఏకాహం అంటే తెలియనివాళ్ళకి చెప్పాలి. ఒక పగలూ ఒక రాత్రీ రామమందిరంలో రామనామం ఆగకూడదు. జట్లు జట్లుగా వచ్చి పాడతారు. ఒక జట్టు లేవకముందే ఇంకో జట్టు వచ్చి అదే తాళంలో కలవాలి. పూండి దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే మా ఊళ్ళో, నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఏటా మాఘంలో అది జరుగుతోంది. మొదలుపెట్టే ముందు ఒకరు లేచి ఈ సంవత్సరం ఊరు దేవుణ్ణి ఏం అడుగుతోందో పైకి చెప్పాలి. దానినే సంకల్పం అంటాం. ఆ పని చాలా ఏళ్ళు మా నాన్నగారిది. ఆయన తర్వాత, బడిపంతులు కావడం వల్లనో, సాయంత్రాలు ఆయన దగ్గర కూర్చుని పురాణం నేర్చుకోవడం వల్లనో, నా మీద పడింది. ఉద్యోగం విరమించినా ఇది విరమించలేదు.

ఆ రోజుల్లో మాఘం వచ్చిందంటే మా ఇంట్లో వాసనలే మారిపోయేవి. జీడిచెట్లు పూతమీద ఉండేవి. తెల్లవారుతూనే తలుపు తీస్తే ఇసుక దారంతా ఆ తీపి వాసన పరుచుకుని ఉండేది. ఇంట్లో పేడతో అలికిన నేల తడివాసన, చింతపండుతో తోమిన ఇత్తడి వాసన, పాడేవాళ్ళ గొంతుల కోసం మా అమ్మ పెద్ద తప్పేలాలో కాచే శొంఠి, మిరియాల ఘాటు. ఆ ఘాటుకి పక్కింటివాళ్ళు కూడా తుమ్మేవారు. నాన్నగారైతే ఏకాహానికి వారం ముందునుంచే మాటలు మానేసేవారు. గొంతు నిలవాలని. ఏం కావాలన్నా చేత్తో చూపించేవారు. నీళ్ళకి ఒక సైగ, ఉప్పు తక్కువైతే ఒక సైగ, నేను పద్యం తప్పు చదివితే కనుబొమ్మ పైకి, మళ్ళీ మొదటినుంచి చదవాలి. ఆ వారమంతా మా అమ్మకి తల తిరిగిపోయేది. "మీ నాన్న గొంతు రాముడికి దాసుకుంతన్నాడు. బియ్యం అయిపోయినాయని నానెవుడికి సెప్పాల, ఆ గోడకా?" అని, ఆయనకి వినబడేలా నాతో అనేది. ఆయన గోడ వైపు చూపించేవారు. ఆమెకి కోపంలోనే నవ్వొచ్చేది.

సంకల్పానికి మా ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. ఇంకో ఊళ్ళో ఉన్నట్టు నేను వినలేదు. నాన్నగారు ఒక్కో కోరికనూ పైకి చెప్పి, "సమ్మతమేనా?" అని అడిగేవారు. అందరూ "సమ్మతం" అనాలి. ఒక్కరు "కాదు" అన్నా ఆ కోరిక ఆ ఏడు దేవుడి దగ్గరికి వెళ్ళదు. ఎందుకు కాదన్నావని అడగకూడదు. అన్న మాట మళ్ళీ ఏకాహం వరకూ వెనక్కి తీసుకోకూడదు. కోరికలు ఎప్పుడూ ఒకటే వరస. వానలు పడాలి. పశువులు చల్లగా ఉండాలి. సముద్రం మీదికి వెళ్ళినవాళ్ళు తిరిగి రావాలి. పురిటికి వెళ్ళిన ఆడపిల్లలు బిడ్డలతో రావాలి. తోటలు బాగా కాయాలి. వీటికి ఎవరూ ఎప్పుడూ కాదన్నది లేదు. కాదంటారన్న ఆలోచనే ఎవరికీ ఉండేది కాదు.

ఒక్క ఏడు మాత్రం కొత్త కోరిక వచ్చింది. తారురోడ్డు. అప్పటికి పూండి స్టేషన్ నుంచి మా ఊరికి ఇసుకలో నడకే. వేసవిలో కాళ్ళు కాలేవి, వానాకాలంలో బండిచక్రం ఇరుసుదాకా దిగేది. నేను పలాసలో పెద్ద చదువు చదవాలని ఆశపడుతున్న రోజులు. రోడ్డు రావాలని నాన్నగారు సంకల్పంలో చదవగానే అందరికంటే గట్టిగా సమ్మతమన్నది నేనే. వెనకనుంచి అసిరమ్మ అనే ముసలావిడ "కాదు" అంది. దారి వెడల్పు చేస్తే ఆమె కొబ్బరిచెట్లు పోతాయి. నాన్నగారు ఆమెవైపు తలైనా తిప్పకుండా తర్వాతి కోరిక చదివారు. ఇంటికి వచ్చాక ఉక్రోషం పట్టలేక అడిగాను. ఒక్క ముసలమ్మ కోసం ఊరంతా బురదలో ఉండాలా అని. అప్పటికి ఆయన మౌనం తీరింది. "రోడ్డు కావాలంటే ఆఫీసులకి ఎల్లి అడుగుదాం, నానూ వత్తాను. రాముడి కాడ మాత్రం ఒకల్ని ఏడిపించి అడగను" అన్నారు. అన్నట్టుగానే వెళ్ళారు కూడా. రోడ్డు కొన్నాళ్ళకి వచ్చింది. అసిరమ్మ చెట్లు పోయాయి. ఆ రోడ్డుమీదే నేను సైకిలు తొక్కి చదువుకున్నాను. ఆ రోడ్డుమీదే లారీలు తోటల గట్టుదాకా వచ్చి పిక్కలు ఎత్తుకెళ్ళడం మొదలుపెట్టాయి, ఇంటింటికీ పెంకు పోయి శ్లాబు వచ్చింది. ఇది దాచి మాట్లాడితే నేను అబద్ధమాడినట్టే. అసిరమ్మ ఆ తర్వాత కొబ్బరిపచ్చడి చేయడం మానేసిందని మా అమ్మ చెప్పింది. అది దాచినా అబద్ధమే.

అందుకే ఇప్పుడు ఎయిర్‌పోర్టు గురించి ఎవరు ధీమాగా మాట్లాడినా నాకు ఒళ్ళు మండుతుంది. దాని గురించి ఊళ్ళో మీటింగు పెట్టిన ఆఫీసర్లు ఒక మ్యాపు తగిలించారు. అందులో రన్‌వే ఉంది, గోదాములున్నాయి, హోటళ్ళున్నాయి, ఆరు వరసల రోడ్డు ఉంది. మా తోటలున్న చోట లేత పసుపు రంగు ఉంది. ఖాళీ జాగా అన్నట్టు. "ఇక్కడ చెట్లున్నాయండీ" అని నేను లేచి చెబితే, "అది సూచనామాత్రపు చిత్రం మాస్టారూ" అన్నాడు మ్యాపు పట్టుకున్న కుర్రవాడు, మర్యాదగానే. కొన్నేళ్ళ కిందట తుఫానుకి ఆ తోటలన్నీ వేళ్ళతో సహా పడిపోయాయి. సింహాచలం ఆరు నెలలు పడిపోయిన చెట్లు కోయించి, గోతులు తీసి, కొత్త మొక్కలు పెట్టి, బిందెలతో నీళ్ళు మోశాడు. ఆ మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. సూచనామాత్రం!

అయితే లోకనాథం చెప్పేది వట్టి కబురని తోసెయ్యలేను. "ఇక్కడి కుర్రోళ్ళు ఎక్కడెక్కడికో ఎల్లి, ఎవరి ఊళ్ళోనో ఎయిర్‌పోర్టులకి సిమెంటు మోత్తన్నారు బావా. మన ఊళ్ళో కడతామంటే మనమే అడ్డం పడతన్నాం. పప్పు పొద్దున్న డబ్బాలో ఎడితే సాయంత్రానికి దుబాయిలో ఉంటాది. కొబ్బరి ఎల్తాది, సేప ఎల్తాది. పెద్దాసుపత్రులొత్తాయి. ఇంకెన్నాల్లని మన కిడ్నీలోళ్ళని బండ్లలో ఏసుకుని పరిగెడతాం?" అంటాడు. ఈ చివరిమాటకి నా దగ్గర జవాబు లేదు. ఇంటింటా కిడ్నీ జబ్బున్న మా ఉద్దానంలో ఎవరి దగ్గరా లేదు. సింహాచలం దగ్గర కూడా లేదు గాని, వాడి దగ్గర ఇంకో ప్రశ్న ఉంది. "పప్పు ఇమానం ఎక్కుతాది, సరే. సెట్టెక్కడుంటాది? రన్‌వే మీద కాత్తాదేటి?" దీనికి లోకనాథం, పిక్కలు ఎలాగూ సగం బయటి దేశాల నుంచి ఓడల్లోనే వస్తున్నాయి కదా అని గొణుగుతాడు. వీళ్ళిద్దరూ ఈ రెండు ప్రశ్నలనీ ఒకే బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకుంటే ఏమైనా తేలేదేమో. ఎనిమిది నెలలుగా ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. మా చెల్లెలు పుట్టింటికి రావాలంటే మొగుడికి చెప్పకుండా ఆటోలో వస్తోంది.

ఊరూ అంతే. మా చిన్నప్పుడు జట్లు వీధుల లెక్కన ఉండేవి. ఇప్పుడు గీత లెక్కన. గీత లోపల భూములున్నవాళ్ళు ఒక జట్టు, బయట ఉండి రేపు రేట్లు పెరుగుతాయని చూస్తున్నవాళ్ళు ఒక జట్టు. ఒకరు పాడుతుంటే ఇంకొకరు వచ్చి కలవరు. కలవకపోతే నామం తెగుతుంది. ఇదే నా భయం. మా నాన్నగారి తరంలో అకాలపు గాలివాన వచ్చిన రోజున కూడా, మందిరం కప్పు ఒక మూల లేచిపోయినా, మిగిలిన మూలలో కూర్చుని పాడారు. గాలికి తెగనిది ఒక పసుపురంగు మ్యాపుకి తెగుతుందా అని నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టలేదు.

ఏకాహం రోజు పదిగంటలకి మందిరం నిండింది. నిండిందంటే రెండు వైపులా నిండింది, మధ్యలో చాప ఖాళీ. పాడేవాళ్ళందరికీ పసుపు దారంతో కంకణాలు కట్టారు. అది కట్టుకున్నవాళ్ళే ఆ ఏటి గోష్ఠి. సమ్మతమనడానికీ కాదనడానికీ వాళ్ళకే హక్కు. లోకనాథం కూడా కట్టించుకున్నాడు. ఊరి అల్లుడే అయినా ముప్పై ఏళ్ళుగా కట్టించుకుంటున్నాడు. నిజం చెప్పాలంటే మా గోష్ఠిలో అంత గొంతు ఇంకెవరికీ లేదు. అతను ఎత్తుకుంటే నామం మందిరం దాటి తోటల్లోకి వెళ్తుంది.

నేను లేచి నిలబడ్డాను. "ఇద్దరు రెండు కోరికలు చెప్పారు. రెండూ చదువుతాను. పద్ధతి మీకు తెలుసు" అన్నాను. ఎయిర్‌పోర్టు రావాలన్నది చదివాను. కుడివైపు నుంచి ఇరవై గొంతులు "కాదు" అన్నాయి. రాకూడదన్నది చదివాను. ఎడమవైపు నుంచి అన్నే గొంతులు. రెండూ పోయాయి. మనసులో హమ్మయ్య అనుకున్నాను. ఇక మామూలు వరస. వానలు, సమ్మతం. పశువులు, సమ్మతం. సముద్రం మీదికెళ్ళినవాళ్ళు, సమ్మతం. పురిటికెళ్ళిన ఆడపిల్లలు, సమ్మతం.

"తోటలు బాగా కాయాలి. సమ్మతమేనా?"

"కాదు" అన్నాడు లోకనాథం.

నేను తప్పు విన్నాననుకున్నాను. అందరూ అతనివైపు తిరిగారు. అతను కూడా ఎవరో వెనక అన్నట్టు ఒక క్షణం అటు ఇటు చూశాడు. ముఖం నల్లబడింది.

"నా కోరిక కాదన్నారు కదా. అందుకని..." అని ఆగిపోయాడు.

ఆడవాళ్ళ జట్టుకి పెద్ద మా తవిటమ్మ పిన్ని. ఆమెకి ఊళ్ళో అల్లుడనీ లేదు, కొడుకనీ లేదు. "ఏటల్లుడా! పిక్కలు కాల్సుకుని బతుకుతున్నోడివి, తోటలు కాయొద్దంటావేటి? నీ బట్టీలో రాళ్ళు కాల్సుకుంటావా? మా అందరి కూడు మీదా నీ కోపం?"

"ఊరికే అన్నాను అత్తా. నోరు జారింది. తీసీసినాను, తీసీసినాను" అన్నాడు.

"తీసీడానికి లేదు" అన్నారు ఎవరో అతని వైపు నుంచే. వాళ్ళకీ తోటలున్నాయి. గీత బయట ఉన్నాయంతే.

అందరూ నావైపు చూశారు. నేను ఏం చెయ్యాలి? విననట్టు చదివేసి ముందుకెళ్ళొచ్చు. నలుగురూ సంతోషిస్తారు. కానీ అసిరమ్మ కాదన్నప్పుడు చెల్లిన మాట లోకనాథం కాదన్నప్పుడు చెల్లకపోతే, ఇక ఆ మాటకి విలువేమిటి? ఒక ముసలమ్మ చెట్ల కోసం ఊరు ఆగింది. ఒక తిక్క మనిషి తిక్క కోసం కూడా ఆగాలి. నియమం మంచివాళ్ళకే పనికొస్తే అది నియమం కాదు. పూత మీదున్న తోటల్ని పెట్టుకుని, వాటి కాపు అడగకుండా సంకల్పం ముగించాలి. సింహాచలం తల దించుకుని ఉన్నాడు. బిందెలు మోసిన భుజాలు.

"చదవను" అన్నాను. "ఈ ఏటికి ఇంతే."

అప్పుడు లోకనాథం లేచాడు. పళ్ళతో కంకణం కొరికి తెంపాడు. దాన్ని నా చేతిలో పెట్టాడు. "బావా, నాను గోష్ఠిలో లేను. కాశీబుగ్గోడిని. నా మాట సెల్లదు. ఇప్పుడు సదువు" అని, ఎవరూ ఏమీ అనకముందే గడప దాటి బయటికి వెళ్ళిపోయాడు. ఎండలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కంకణం తెంపుకున్నవాడు ఆ ఏడు నామంలో గొంతు కలపకూడదు. అది అతనికి తెలుసు, అందరికంటే బాగా తెలుసు.

మళ్ళీ చదివాను. తోటలు బాగా కాయాలి, సమ్మతమేనా? రెండు వైపులనుంచీ ఒకేసారి వచ్చింది. ఈ ఏడు రెండు వైపులూ కలిసి అన్న మాటలన్నిటిలో అది పెద్దది.

మొదటి జట్టు నామం ఎత్తుకుంది. ఎత్తుకోవలసిన గొంతు బయట ఉంది కాబట్టి శ్రుతి కుదరడానికి కాసేపు పట్టింది. సింహాచలం తన జట్టు వచ్చేవరకు ఆగకుండా లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. నేను పక్కనే ఉన్నాను, వినబడింది.

"బావా, ఎండలో నిలబడకు. అరుగెక్కు."

"అరుగెక్కొచ్చేటి?"

"అరుగు లోపల కాదు కదా. ఎక్కు." గడప దాటుతూ, "ఎయిర్‌పోర్టు రాదని సెప్పీసినట్టు ఏటా మొకం?" అన్నాడు.

"నోర్ముయ్" అన్నాడు లోకనాథం. ఎనిమిది నెలల తర్వాత వాళ్ళు మాట్లాడుకున్న మొదటి మాటలు ఇవి. తర్వాత ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. లోపల నామం జరుగుతుంటే లోకనాథం పెదవులు గట్టిగా మూసుకునే ఉన్నాడు.

మర్నాటి ఉదయం వరకూ నామం తెగలేదు. గీత లోపలివాళ్ళూ బయటివాళ్ళూ ఒకరి జట్టులో ఒకరు కలిశారు, ఇష్టం లేకపోయినా, తాళం తప్పుతూనే. అదేదో సయోధ్య అని ఎవరైనా అంటే నాకు విసుగు. ప్రసాదం ఆకులు ఎత్తేలోపే మళ్ళీ రేట్ల మాటలు మొదలయ్యాయి. వచ్చే వారం సర్వే వాళ్ళు మళ్ళీ వస్తారట. మా నాన్నగారి రోజుల్లో ఒకరిని ఏడిపించే కోరిక మాత్రమే బయట ఉండిపోయేది. ఇప్పుడు కాపు అడగడానికి ఒక మనిషి బయటికి వెళ్ళాల్సి వచ్చింది. నేను దేవుణ్ణి నమ్మే మనిషిని. రాముడు విన్నాడనడంలో నాకు అనుమానం లేదు. ఈసారి తోటలు విరగకాస్తాయి. కానీ కాయాలని మాత్రమే అడిగాను. ఆ చెట్లు ఉండాలో పోవాలో, వాటి కింద పిక్కలు ఎవరు ఏరుకోవాలో అడగడానికి, ఆ మందిరం ఒక్క గొంతుతో నాకు సమ్మతం ఇవ్వలేదు.